పై కుంట, కింది కుంట

ఇమాస్ గంపెడు అంతరతామరను నెత్తిన పెట్టుకుని గట్టెక్కి వచ్చి, గుమిలార్ కాఫీ హోటలు మెట్ల మీద బోర్లించింది. నీళ్ళు కారాయి. రెండు నత్తలు దొర్లాయి. లోపల కప్పులు ముందు పెట్టుకుని ఫోటోలు దిగుతున్న జంట అది ఆపి ఇటు చూసింది.

"ఇవి మీవి. దారి తప్పి మా ఇంటికి వచ్చాయి. తెచ్చి అప్పజెప్పాను," అంది ఇమాస్.

గుమిలార్ తుడుస్తున్న కప్పు పక్కన పెట్టి బయటికి వచ్చాడు. బందుంగ్ పట్నంలో పదేళ్ళు ఉండి వచ్చిన మనిషి. మేనత్త ఎంటిన్ హాజా పోతూ పోతూ ఈ ఇల్లు, ఇంటి ముందు చేపల కుంట అతని పేర రాసింది. అతను వచ్చి వరండాలో నాలుగు బల్లలు వేసి, దాన్ని కాఫీ హోటలు అన్నాడు. కుంట నిండా క్యాబేజీ పిందెల్లా పచ్చగా తేలే ఈ అంతరతామర చూసి ముచ్చటపడ్డాడు. వచ్చినవాళ్ళు కూడా ముచ్చటపడ్డారు. ముచ్చటపడటానికి ఖర్చు లేదు కదా.

"ఇంత దూరం మోసుకొచ్చారు నెంగ్. కాఫీ తాగి వెళ్ళండి," అన్నాడు. నెంగ్ అంటే మా వైపు వయసులో ఉన్న ఆడపిల్లను మర్యాదగా పిలిచే పిలుపు.

"కుంట శుభ్రం చేసుకోవడం రానివాళ్ళు కప్పులు ఎలా కడుగుతారో ఊహించుకోగలను. వద్దు."

ఖాళీ గంప చంకన పెట్టుకుని ఆమె దిగి వెళ్ళిపోయింది. గుమిలార్ ఆ పచ్చటి కుప్పను, అందులోంచి మెల్లగా బయటికి నడుస్తున్న నత్తను చూస్తూ నిలబడ్డాడు. నత్తకు ఉన్న తొందర కూడా అతనికి లేదని ఇమాస్ తరవాత చాలాసార్లు అంది.

మా చిబునార్‌లో ఇళ్ళు కొండవాలున మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్రతి ఇంటి ముందు ఒక కుంట. ఊట నీళ్ళు ముందు గుమిలార్ కుంటలో పడతాయి. అక్కణ్ణించి వెదురు గొట్టంలో ఇమాస్ కుంటకు, అక్కణ్ణించి మసీదు తొట్టికి, ఆపైన ఇయాం అవ్వ కుంటకు, చివరికి పొలాలకు. పైవాడు ఏది వదిలేసినా కిందివాడి ఇంటికి చేరుతుంది. కిందివాడు తిట్టే తిట్లు మాత్రం పైకి చేరవు. ఇమాస్ వాటిని మోసుకెళ్ళడం మొదలుపెట్టింది, అంతే.

ఆమె కోపానికి కారణం ఉంది. వేసవి చివర ఆమె తండ్రి సుటిస్నా మాస్టారు పోయారు. ఆయన మిగిల్చి వెళ్ళినవాటిలో విలువైనది ఆ కుంట, అందులో ఒక జత గురామి చేపలు. గురామి గాలి కోసం పైకి వచ్చి ఒక గుటక మింగి కిందికి పోయే చేప. పైన కలుపు కప్పేస్తే దానికి తలుపు మూసేసినట్టే. మాస్టారు మంచాన ఉన్న నెలల్లో ఎవరూ కుంట మొహం చూడలేదు. ఆయన పోయేనాటికి నీళ్ళు కనబడటం మానేశాయి.

ఇమాస్ పెదనాన్న ఒమో దీన్ని సూచనగా తీసుకున్నాడు. ఆయన కొడుకు మోటారు సైకిళ్ళ షెడ్డు పెట్టుకోవాలి. రోడ్డు పక్కన ఉన్న ఆ కుంటను మట్టితో పూడ్చేస్తే సరిపోతుంది. మనుషులకే జాగా లేదు, చేపలకెందుకని ఆయన వాదన. ఇమాస్ తల్లి ఎమా అవునూ అనలేదు, కాదూ అనలేదు. భర్త పోయాక ఆమె దేనికీ అలాంటి మాటలు అనడం మానేసింది. చివరికి మనిషి పోయిన నూరో రోజు ప్రార్థనకు చుట్టాలంతా వస్తారు కనక అప్పుడు కుంట చూసి తేల్చుకుందామని ఒమో అన్నాడు. అప్పటికి నీళ్ళు కనబడితే కుంట ఉంటుంది. కనబడకపోతే లారీలు వస్తాయి.

కాబట్టి ఇమాస్ తీరిక దొరికినప్పుడల్లా మోకాలి లోతు నీళ్ళలో దిగి దంతెతో కలుపు లాగేది. ఆమె ఎంబ్రాయిడరీ మిషను మీద పని చేసుకుని బతికే మనిషి. వేళ్ళు మెత్తబడితే దారం నిలవదు. ఒక చాలు శుభ్రం చేసి ఒడ్డెక్కేలోపు వెదురు గొట్టంలోంచి పచ్చగా ఇంకో పది మొక్కలు దూకేవి.

ఊరంతా సలహాలు ఇచ్చింది. సలహా ఇవ్వడానికి కూడా ఖర్చు లేదు. బాతుల్ని వదలమన్నారు ఒకరు. బస్తా ఉప్పు వెయ్యమన్నారు ఇంకొకరు, ఉప్పుకు కలుపు చస్తుందో చేప చస్తుందో చెప్పకుండా. మసీదు ఉస్తాద్ ఓర్పు పట్టమన్నాడు. ఓర్పు పట్టి కూర్చుంటే మొక్కలు కుంటనే పట్టేస్తాయని ఇమాస్ అంది. ఆయన నవ్వలేదు. దంతె పట్టుకుని నీళ్ళలోకి దిగినవాళ్ళు ఎవరూ లేరు.

గుమిలార్ చేసిన మొదటి మంచిపని, గొట్టం మూతికి సన్నటి వల కట్టడం. సాయంత్రానికి ఆ వల ఆకులతో, వేళ్ళతో నిండిపోయి గోడలా తయారైంది. కింద ఇమాస్ కుంటకు చుక్క నీరు రాలేదు.

ఈసారి ఆమె గంప లేకుండా వచ్చింది.

"చెత్త పంపొద్దన్నాను. నీళ్ళు పంపొద్దనలేదు."

"రెండూ ఒకే గొట్టంలో వస్తున్నాయండి. దేన్ని ఆపాలో దానికి నేర్పలేకపోయాను."

"మీరు నేర్చుకుంటే చాలు, గొట్టానికి తరవాత నేర్పుదురుగాని." ఆమె వల పీకి అవతల పడేసింది. లావుపాటి వెదురు బొంగు ఒకటి తెమ్మని, దాన్ని గొట్టానికి అడ్డంగా, ఏటవాలుగా నీళ్ళ మీద తేలేటట్టు రెండు చివరలా తాడుతో కట్టించింది. తేలేది బొంగు దగ్గర ఆగుతుంది, నీళ్ళు బొంగు కిందినించి పోతాయి. ఆగిన మొక్కలు వాలు వెంబడి జారి ఒడ్డున ఒక మూలకు చేరతాయి. అక్కడ జల్లెడతో ఎత్తుకోవచ్చు.

గుమిలార్ బొంగును, ఆమెను మార్చి మార్చి చూశాడు. ఇది ఎవరు నేర్పారని అడిగాడు.

"మా నాన్న," అంది, ముడి ఇంకొంచెం గట్టిగా లాగి. గుమిలార్ ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క విషయంలో అతను తెలివైనవాడని ఆమె దారిలో ఒప్పుకుంది, తనలో తనే, అయిష్టంగా.

మరో నాలుగు రోజులకు అతని చేతిలో కలుపు మందు సీసా కనబడింది. సంతలో కొట్టువాడు అంటగట్టాడు. ఆదివారం ఎవరో పెద్ద గుంపు కాఫీకి వస్తున్నారు, ఒక్క పిచికారీతో కుంట అద్దంలా అయిపోతుందని చెప్పాడట. ఇమాస్ గట్టు మీద నిలబడి సీసా మీది అక్షరాలు చదివింది.

"మీ కుంట నుంచి నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"మీ కుంటకు."

"మా కుంట నుంచి?"

"మసీదుకు."

"వెళ్ళి ఉస్తాద్‌కు చెప్పి రండి, ఇవాళ్టి నుంచి కలుపు మందుతో కాళ్ళు చేతులు కడుక్కుని నమాజు చెయ్యమని. ఆయన ఒప్పుకుంటే కొట్టండి."

గుమిలార్ సీసా వెనక్కి పెట్టాడు. ఆమె అక్కడితో వదలలేదు. నీళ్ళలో కొట్టకూడదని సీసా మీదే ఉంది, చదవలేదా అంది. పోనీ విషం చేపను తాకదనుకుందాం, కలుపంతా ఒక్కసారే చస్తే ఏమవుతుందని అడిగింది. అడుగుకు దిగి కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువునంతా అదే తాగేస్తుంది. తెల్లారేసరికి అద్దం లాంటి కుంటలో మీ రంగు చేపలు వెల్లకిలా తేలతాయి, మీ గుంపు ఫోటోలు తీసుకుంటుంది అంది.

ఆమె చెప్పేది సబబుగానే ఉంది. అందుకే మరుసటి ఉదయం జరిగింది ఆమెకు అంత గుచ్చుకుంది. ఆమె తీసిన కలుపును గంపతో ఎత్తి పొలాలకు పోయే కాలవలోకి గుమ్మరిస్తోంది. ఊరంతా చేసేది అదే. గుమిలార్ గట్టు పైన నిలబడి చూస్తున్నాడు.

"ఆ కాలవ నీళ్ళు ఎక్కడికి పోతాయి నెంగ్?" అన్నాడు.

ఆమె వంచిన గంపను వెనక్కి తీసుకుంది.

అతను దిగి వచ్చాడు. తన కాఫీ పొట్టునూ దీన్నీ కలిపి ఎరువు చేయొచ్చని ఎక్కడో చదివానన్నాడు. నీటికి దూరంగా, వానకు కొట్టుకుపోని మెరకలో పరిచి, తల్లకిందులు చేసి, వేళ్ళు పూర్తిగా ఎండాకే కుప్ప వేయాలట. తడిగా వేస్తే మళ్ళీ బతుకుతుందట. తన ఇంటి వెనక మెరకన పాత వరి మడి ఎండి ఖాళీగా ఉంది, అక్కడ వేద్దామన్నాడు.

"చదివినవాళ్ళు చదివినట్టు మాట్లాడతారు. మొయ్యగలరా?" అంది.

మోశాడు. మూడో గంపకు అతని చొక్కా, ఆరో గంపకు అతని గర్వం తడిసి ముద్దయ్యాయి. తొమ్మిదో గంప దగ్గర ఆమె తన తలగుడ్డ విప్పి చుట్ట చుట్టి అతని నెత్తిన పెట్టింది. మాట్లాడకుండా పెట్టింది, గాడిద వీపున గోనె వేసినట్టు. అతను మాత్రం కిరీటం పెట్టించుకున్నట్టు నిలబడ్డాడు.

ఆ రోజు మొదలు ఇద్దరూ పొద్దున్నే పనిలో దిగేవారు. ఒక రోజు పై కుంట, ఒక రోజు కింది కుంట. ఒడ్డుకు లాగిన మొక్కను అలాగే ఎత్తకుండా బకెట్టులో ముంచి జాడించేవారు. వేళ్ళ కుచ్చులో దాక్కున్న చేపపిల్లలు, రొయ్యపిల్లలు రాలేవి. వాటిని తిరిగి కుంటలో వదిలేవారు. చేపపిల్ల ఒకటి చేతిలో ఎగిరితే గుమిలార్ ఉలిక్కిపడేవాడు. పల్లెలో పుట్టినవాడేనా అని ఆమె అడిగేది. పల్లెలోనే పుట్టాను, చేపల్లో పుట్టలేదు అనేవాడు.

ఆమె నవ్వు ఆపుకోవడానికి తల దించుకుని వేళ్ళు జాడించేది. జాడించడానికి అప్పటికి ఆ మొక్కకు ఏమీ మిగిలి ఉండేది కాదు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం ఇద్దరూ కోళ్ళగూటి రేకు కింద నిలబడాల్సి వచ్చింది. రేకు మూరెడు. మనుషులు ఇద్దరు. కోళ్ళు అయిదు. వాన ఏటవాలుగా కొడుతోంది కనక గుమిలార్ ఒక భుజం తడుస్తూనే ఉంది. జరగమని ఆమె అంది. జరిగితే కోడి మీద కూర్చోవాలి అన్నాడు. కోడికి అభ్యంతరం లేదేమో అడగండి అంది. అతను నిజంగానే వంగి కోడిని అడిగాడు. కోడి అతన్ని పొడిచింది.

"దానికి మనుషులు తెలుసు," అంది ఇమాస్. కానీ తనే కొద్దిగా జరిగింది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. గుమిలార్‌కు ఆమె చేత ఒక మంచిమాట అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. ఆమె ఎంబ్రాయిడరీ బట్టలు ఇవ్వడానికి తాసిక్ పట్నం వెళ్ళిన రోజు, ఒక్కోసారి మూడో వంతే తియ్యాలని ఆమె చెప్పిన మాట పక్కన పెట్టి, పై కుంట మొత్తం ఒక్క పూటలో ఊడ్చేశాడు. అడుగు బురదంతా లేపాడు. ఎండ సూటిగా పడింది. ఇమాస్ బస్సు దిగేసరికి తన కుంటలోకి గొట్టం నల్లటి నీళ్ళు పోస్తోంది. పైకి పరుగెత్తింది. రంగు చేపలన్నీ నీళ్ళపైన నోళ్ళు తెరిచి వరసగా నిలబడి ఉన్నాయి. గుమిలార్ వాటికి మేత చల్లుతున్నాడు, ఆకలేసిందనుకుని.

ఆమె మేత డబ్బా అందుకుని అవతల పెట్టింది. ఊట గొట్టాన్ని ఎత్తి కర్రకు కట్టించింది, నీళ్ళు ఎత్తు నుంచి పడి గాలి కలవాలని. ఇద్దరూ సాయంత్రం దాకా బకెట్లతో ముంచి పైనుంచి పోశారు. రెండు తప్ప మిగిలినవి తేరుకున్నాయి.

ఆ రెంటినీ గుమిలార్ అరిటాకులో పెట్టాడు. "తిట్టండి," అన్నాడు.

"పోయినవాటి ముందు తిట్టను."

ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని అతనికి అంతవరకు తెలియదు. కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి ఆమే తవ్వింది.

నూరో రోజుకు ఇంకా రెండు వారాలుండగా రెండు కుంటల్లోనూ నీళ్ళు తేటపడ్డాయి. కింది కుంటలో గురామి జంట కనబడటం మొదలుపెట్టింది. చేమాకు వేస్తే వచ్చి అంచు కొరికి, ఒక గుటక గాలి మింగి దిగిపోయేవి. ఎమా వంటింటి కిటికీలోంచి చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ఒమో ఒకసారి వచ్చి, గట్టు మీద అటూ ఇటూ నడిచి, అలవాటుగా మొహం చిట్లించుకుని వెళ్ళాడు. చిట్లించుకోవడానికి కారణం దొరకలేదని ఇమాస్‌కు అర్థమైంది.

అప్పుడు పై కుంటలో మళ్ళీ మొక్కలు కనబడ్డాయి. వేలెడంత పిలకలు, అక్కడక్కడ, అడ్డబొంగు దగ్గర. వారం తిరిగేసరికి చాపంత.

నీళ్ళు పైకి పారవు. ఊటలో మొక్క లేదు, ఇమాస్ స్వయంగా వెళ్ళి చూసింది. అంటే ఎవరో వేశారు. పైగా ముందు రోజే ఒక పట్నం అమ్మాయి, ఆ పచ్చటి పువ్వులు తీసేశారేం, ఫోటోలో ఎంత బాగుండేవో అని హోటల్లో నిట్టూర్చడం ఆమె చెవిన పడింది.

"ఎంతకు కొన్నారు?" అని అడిగింది.

గుమిలార్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు పోయింది.

"నేను వెయ్యలేదు."

"నీళ్ళు కొండెక్కి తెచ్చాయా? నూరో రోజుకు మా కుంట మళ్ళీ పచ్చబడితే ఏమవుతుందో మీకు తెలుసు. తెలిసే వేశారు. నాలుగు ఫోటోల కోసం."

"ఇమాస్," అన్నాడు. మొదటిసారి నెంగ్ అనకుండా పేరు పెట్టి పిలిచాడు. "ఇన్నాళ్ళూ మీరు నన్ను ఎన్ని అన్నా పడ్డాను. చాలావరకు నిజమే కనక పడ్డాను. ఇది నిజం కాదు. పడను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మరునాటి నుంచి ఎవరి కుంట వాళ్ళే చేసుకున్నారు. ఊరు తన వంతు చేసింది. పట్నపువాడు ఇంతే, మొదటి నుంచీ కలుపు వాడిదే అని బావి దగ్గర, బడి దగ్గర, మంగలి దగ్గర చెప్పుకుంది. ఇమాస్ కాదనలేదు. కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండునని మాత్రం ఆమెకు అనిపించింది, అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

నూరో రోజుకు రెండు రోజుల ముందు ఆమె మిషను దగ్గర కూర్చుని ఉంది. పెరట్లో తల్లి బకెట్టులో చేపపిల్లలు పోస్తోంది. ఇమాస్ కళ్ళెత్తి చూసి మళ్ళీ దించుకుంది. మళ్ళీ ఎత్తింది. ఎమా వంటింటి వెనక ఉన్న చిన్న సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్ళి, అందులోంచి గుప్పెడు అంతరతామర తీసి, బకెట్టు పైన దుప్పటిలా పరిచింది.

మిషను ఆగిపోయింది.

"అదేంటమ్మా?"

"ఏది? పిల్లలు ఎగిరి పడిపోకుండా. ఎండ తగలకుండా. ఆకు లేకుండా బకెట్టు ఇస్తే మర్యాదేనా, నీళ్ళు పోసి ఇచ్చినట్టుంటుంది." ఎమా ఎన్నో వారాల తరవాత మాట్లాడిన పొడుగాటి మాట అది. "మీ నాన్న ఎప్పుడూ ఇలాగేగా."

"ఎవరికి అది?"

"పై ఇంటి అబ్బాయికి. రెండు చేపలు పోయాయన్నావుగా. నీకు వాడి మీద కోపం కనక నేనే ఇచ్చి వస్తున్నాను. ఇదివరకు రెండుసార్లు ఇలాగే తీసుకెళ్ళి నేనే వాడి కుంటలో పోసి వచ్చాను. మంచివాడు. బకెట్టు కడిగి తెచ్చి ఇస్తాడు."

ఇమాస్ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళింది. తండ్రి వాడే తొట్టి. అందులో పచ్చగా, బొద్దుగా, తండ్రి చేతి కింద పెరిగినంత దర్జాగా ఉన్నాయి మొక్కలు. నాన్న ఇలా ఎవరెవరికి ఇచ్చేవాడని అడిగింది. ఎమా చెప్పుకుంటూ పోయింది. ఎంటిన్ హాజాకు, ఆమె కుంట తవ్వించినప్పుడు. ఇయాం అవ్వకు. మసీదు తొట్టికి. ఒమోకు. చదువు ముగించుకుని వెళ్ళే ప్రతి పిల్లవాడి ఇంటికి. లోయలో కుంట ఉండి, మాస్టారి బకెట్టు అందని ఇల్లు ఎమాకు గుర్తు రాలేదు.

గురివింద గింజ సామెత ఇమాస్ చిన్నప్పుడు తండ్రి దగ్గరే నేర్చుకుంది. అది ఇలా తనకే తగులుతుందని అనుకోలేదు.

పైకి వెళ్ళేసరికి వాన పట్టుకుంది. గుమిలార్ బల్లలు లోపలికి లాగుతున్నాడు. ఆమె వరండా అంచున నిలబడి, తొట్టి సంగతి, బకెట్టు సంగతి, ఎంటిన్ హాజా సంగతి వరసగా చెప్పింది. ఎక్కడా ఆగలేదు.

అతను అంతా విన్నాడు. "ఇది క్షమాపణా, రిపోర్టా?"

"నాకు మొదటిది అలవాటు లేదు."

"తెలుస్తోంది." బల్ల వదిలేసి వచ్చాడు. "కూర్చోండి. తడిసిపోయారు."

"మిమ్మల్ని అబద్ధాలకోరన్నాను. తప్పు. ఎల్లుండి అందరి ముందూ చెబుతాను, కలుపు మా ఇంటి నుంచే బయల్దేరిందని."

ఆ మాట ఒమో ముందు అంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కుంట పూడ్చడానికి ఆయనకు ఇంతకంటే మంచి కారణం దొరకదు. పోయిన మనిషి పేరు కూడా నలుగురి నోళ్ళలో పడుతుంది.

"చెప్పకండి," అన్నాడు. "ఊరంతా ఎలాగూ నాదే అనుకుంటోంది. అలాగే అనుకోనివ్వండి. నేను బతికున్నాను, తిట్లు తినగలను. ఆయన వచ్చి సమాధానం చెప్పుకోలేరు."

ఇమాస్ అతను చెప్పినట్టే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఇది కొత్త.

"మీకెందుకు ఇదంతా?"

"కింది కుంటలో చేపలు బాగుండాలని."

"చేపలేనా?"

"చేపలతో మొదలైంది," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. "తరవాత తిట్లు వచ్చాయి. తిట్లు ఆగిపోయిన ఈ నాలుగైదు రోజులు నాకు బాగాలేదు. మీరు వినదగ్గ సంగతి అదొక్కటే నా దగ్గర ఉంది."

వాన రేకుల మీద మోగుతోంది. ఇమాస్ నడుముకు చుట్టిన లుంగీ అంచును, అప్పటికే పిండేసినదాన్ని, మళ్ళీ పిండింది. నీళ్ళేమీ రాలేదు.

"మీరన్నట్టు చేస్తే బకెట్లు ఆగవు," అంది చివరికి. "అమ్మ ఇస్తూనే ఉంటుంది. ఇయాం అవ్వ ఇస్తుంది. మీరు జన్మంతా తిట్లు తింటారు, కలుపు జన్మంతా పెరుగుతుంది. చెప్పాల్సిందే." లేచి మెట్లు దిగి, ఆగింది. "తిట్ల సంగతి రేపటి నుంచి చూస్తాను."

నూరో రోజు మధ్యాహ్నం ప్రార్థన ముగిసింది. మగవాళ్ళు ముందు గదిలో చాపల మీద, ఆడవాళ్ళు వంటింటి వైపు. కుంటలోంచి పట్టిన చేపలు అరిటాకుల్లో చుట్టి ఆవిరి పట్టినవి, అన్నం, మిరపకాయ పచ్చడి, పచ్చి ఆకుకూరలు వడ్డించారు. గురామి జంటను మాత్రం ఎవరూ ముట్టలేదు. ఒమో చెయ్యి కడుక్కుని, కుంట బాగానే ఉందిగాని పై నుంచి కలుపు వచ్చినంత కాలం మళ్ళీ ఇదే గతి, పూడ్చడమే మంచిదని మొదలుపెట్టాడు. అందరూ గుమ్మం దగ్గర కూర్చున్న గుమిలార్ వైపు చూశారు. అతను అన్నం వైపు చూశాడు.

ఇమాస్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెదనాన్నా, కలుపు పై నుంచి రాలేదు. మన తొట్టిలోంచి వెళ్ళింది. నాన్న చేపపిల్లలు ఇచ్చినప్పుడు బకెట్టు మీద ఆకు వేసి ఇచ్చేవాడు. ఆ ఆకే ఇది. ఇప్పుడు అమ్మ కూడా అలాగే ఇస్తోంది. ఈ అబ్బాయి ఏమీ వెయ్యలేదు. అతన్ని అన్నవాళ్ళలో నేను మొదటిదాన్ని."

ఎమా చేతిలో గరిటె ఆగింది. గదిలో నమలడం కూడా ఆగింది. ఇమాస్ తండ్రి పేరు నలుగురిలో పెట్టి, ఆ పేరుకు ఏమవుతుందో చూస్తూ నిలబడింది.

ఇయాం అవ్వ ముల్లు తీసి పక్కన పెట్టింది. "మాకు తెలుసు నెంగ్," అంది.

"ఏం తెలుసు?"

"మాస్టారి ఆకని. మా కుంటలో మొదటి మొక్క ఆయన బకెట్టులోనే దిగింది. పక్కింటి దాంట్లోనూ అంతే. చేపలు తెచ్చి చేతిలో పెట్టే మనిషితో, నీ ఆకు మా కుంట తినేస్తోందని ఎలా చెబుతాం? మర్యాదగా ఉండదు. ఆయన వెళ్ళాక తీసి కాలవలో వేసేవాళ్ళం."

అవునవునని చుట్టూ తలలు ఊగాయి. ఉస్తాద్ కూడా తల ఊపాడు, ఓర్పుగా. లోయ లోయంతా ఏళ్ళ తరబడి మర్యాద కొద్దీ నోరు మూసుకుని, కలుపును ఒకరి నెత్తి నుంచి ఒకరి నెత్తికి తోసుకుంటూ, చివరికి ఊరికి కొత్తగా వచ్చిన ఒక్కణ్ణి వెతికి వాడి పేరు పెట్టుకుంది. ఇమాస్ ఆ మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. అంతమందిని ఒకేసారి తిట్టే మాట ఆమెకు కూడా తెలియదు.

"మరి ఇతన్ని అన్నారే?" అంది.

"వాడు చేపలు ఇవ్వలేదుగా," అంది అవ్వ, ఇందులో అర్థం కానిదేముందన్నట్టు.

మొదట నవ్వింది గుమిలార్. తరవాత మిగిలినవాళ్ళు. నవ్వు సద్దుమణిగాక అవ్వ ఒమో వైపు తిరిగింది. కుంట పూడిస్తే పిల్లలు ఎక్కణ్ణించి వస్తాయని నిలదీసింది. ఎగువన మాస్టారి కుంట ఉంది కాబట్టే దిగువన నలుగురూ చేప తింటున్నారంది. ఆకు మానేసి బకెట్టు మీద అరిటాకు ముక్క కట్టి ఇమ్మను, పిల్లలూ ఎగరవు, మొక్కా రాదంది. ఇంత తేలికైన మాట ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని ఇమాస్ అడగబోయి, జవాబు తెలుసు కనక ఊరుకుంది.

ఒమో గదంతా చూశాడు. ఆయన ఇంటి కుంటలో కూడా అదే ఆకు ఉందని అందరికీ తెలుసు. "సరే, మావాడు షెడ్డు వాడి మామగారి జాగాలో పెట్టుకుంటాడు," అన్నాడు, ఆ మామగారు అక్కడే కూర్చుని ఉండగా.

తరవాతి వారం పొద్దున్నే ఇమాస్ లోయలో ఇంటింటికీ తిరిగింది, తొట్లు ఖాళీ చేయించడానికి. గుమిలార్ గంప మోశాడు. ఇద్దరూ దారి పొడుగునా పోట్లాడుకుంటూనే వెళ్ళారని చూసినవాళ్ళు చెప్పారు. పోట్లాటలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని కూడా చెప్పారు.

శుక్రవారం నాడు గుమిలార్ మేనమామ జునేడి బందుంగ్ నుంచి వచ్చాడు. తండ్రి లేని పిల్లకు పెదనాన్నే పెద్ద కనక ఒమోను పిలిపించారు. మాలో ముందే పిల్లనివ్వమని అడగరు. ముందు ఒక మాట దాచిపెడతారు. మీ ఇంట్లో ఒక మాట ఉంచి వెళతాం, భద్రంగా చూడండి అని వెళ్ళిపోతారు. జవాబు నెలల మీద వస్తుంది. జునేడి వాన గురించి, వరి గురించి, బందుంగ్ రోడ్ల గురించి మాట్లాడి, గొంతు సవరించుకుని, ఆ మాట ఉంచాడు. ఒమో ఆలోచించుకుంటాం అనడానికి ఊపిరి పీల్చాడు.

"ఉంచడం దేనికి," అంది ఇమాస్ వంటింటి గుమ్మంలోంచి. "నిలవ నీళ్ళకే పాచి పడుతుంది. నాకు ఇష్టమే."

ఒమో పీల్చిన ఊపిరి అలాగే ఉండిపోయింది. జునేడి మేనల్లుడి వైపు చూశాడు. మేనల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఈ వంశంలో ఆడపిల్ల ఇంతవరకు ఇలా నోరు విప్పలేదని ఒమో అన్నాడు. విప్పి ఉంటే మీ పెళ్ళి జరిగేది కాదు పెదనాన్నా అని ఇమాస్ అంది. పెద్దవాళ్ళిద్దరూ ఎమా వైపు తిరిగారు. ఆమె అవునో కాదో అని చాలా కాలమైంది.

ఎమా లేచి తినేసిన పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. మా ఇళ్ళల్లో అతిథి చేత ఎంగిలి పళ్ళెం ముట్టనివ్వరు. ఆమె ఆ దొంతర తెచ్చి గుమిలార్ చేతుల్లో పెట్టింది.

"లోపల పెట్టు నాయనా," అంది. "జాగ్రత్త, నేల తడిగా ఉంది."